చర్చ: మా నాన్న కార్డు మీద "కుటుంబమే లోకంగా బతికిన మనిషి" అని రాయొచ్చా?

గోదారిగట్టు (చర్చ మొదలుపెట్టినవారు):
నాన్న పోయి ఇవాళ్టికి ఐదు రోజులు. పెద్దకర్మ కార్డు రేపు పొద్దున్నే ప్రెస్సుకివ్వాలి. చెల్లి రాసింది ఇదీ: "ముప్పై రెండేళ్లు నగర పాలనలో సేవలందించి, కుటుంబమే లోకంగా బతికిన మా నాన్నగారు..." మొదటి సగంతో నాకు పేచీ లేదు. 1974లో మున్సిపాలిటీలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, రెవెన్యూ ఆఫీసరు, మేనేజరు అయి, చివరి మూడేళ్లు గ్రేడ్-3 కమిషనర్‌గా చేసి 2006లో రిటైరయ్యారు. రెండో సగానికే నా మనసు ఒప్పుకోవడం లేదు. 1986 ఆగస్టులో గోదారి పొంగినప్పుడు నాకు టైఫాయిడ్, ఎనిమిదేళ్లు. ఆయన వరద బాధితులు తలదాచుకున్న స్కూల్లో పులిహోర పొట్లాలు లెక్కపెడుతున్నారు. పదకొండో రోజు ఇంటికొచ్చి "వీడేంటి ఇలా చిక్కిపోయాడు?" అని అమ్మనడిగారు. ఆ మాట రాయొచ్చా, చెప్పండి.

పాత_ఫైలు:
ముందుగా నా నివాళి. ఒక సవరణ. "నగర పాలన" తప్పండీ. మున్సిపాలిటీ అంటే పురపాలక సంఘం. నగరపాలక సంస్థ అంటే కార్పొరేషన్. మీ నాన్నగారు కార్పొరేషన్‌లో చేశారా?

గోదారిగట్టు:
లేదు. కానీ నేనడిగింది అది కాదు.

పాత_ఫైలు:
అచ్చయ్యాక దిద్దలేం కదా, అందుకని చెప్పాను.

డాలస్_బాబాయ్:
ఇక్కడ 1931 నుంచీ సిటీ మేనేజర్ పద్ధతే. ఎన్నికైన కౌన్సిల్ ఒక ఉద్యోగిని పెట్టుకుంటుంది, ఊరి పనులన్నీ ఆయన చేతికిస్తుంది. మన కమిషనర్లకి పెట్టె విప్పేలోపే బదిలీ.

సూరత్_మగ్గం:
బదిలీ మాటొచ్చింది కాబట్టి ఒకటి. మా నాన్న సిరిసిల్ల నుంచి ఇక్కడ మరమగ్గాల మీద పనికొచ్చారు, మేముండేది లింబాయత్‌లో. 1994 సెప్టెంబరులో ప్లేగొచ్చింది, మూటాముల్లె సర్దుకుని ఊరు పారిపోయాం. తిరిగొచ్చాక, 1995లో ఎస్.ఆర్. రావుగారు కమిషనర్‌గా వచ్చారు, మన తెలుగాయనే. "ఏసీ నుంచి డీసీ" అనేవారు. అంటే ఏసీ గదులొదిలి డైలీ చోర్స్, రోజువారీ పనుల్లోకి రండి అని. పొద్దున్న పూట ఆఫీసర్లంతా వీధుల్లోనే. ఏడాది తిరిగేసరికి, 1996లో, వారసత్వ కట్టడాల్ని కాపాడే ఇన్‌టాక్ సంస్థ సూరత్‌ని చండీగఢ్ తర్వాత దేశంలో అతి శుభ్రమైన నగరమంది. 1997లో బదిలీ. రెండేళ్లకే ఇంత చేస్తే, ముప్పై రెండేళ్లు ఊరు మోసినవాళ్ల ఇంట్లో ఏముంటుందో ఎవరికి తెలుసు? ఊరికి మాత్రం మంచే జరుగుతుంది.

నల్లా_నీళ్లు:
"ఎవరికి తెలుసు" అనకండి, నాకు తెలుసు. మా ఆయన నీళ్ల విభాగంలో ఇంజనీర్. మా పెళ్లిరోజున మెయిన్ పైపు పగిలింది. అది ఏ ఏడాదని అడక్కండి, ప్రతి ఏడాదీ ఏదో ఒకటి పగిలేది. నెల మొదటి తారీఖున జీతం ఇంట్లో పెట్టడమే కుటుంబసేవ అయితే, ఆ పని బ్యాంకు కూడా చేస్తుంది.

పాత_ఫైలు:
అమ్మా, 1986లో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు. లంకలన్నీ మునిగాయి. అప్పుడు పిల్లాడికి జ్వరమని ఇంట్లో కూర్చుంటే దాన్ని ఉద్యోగమంటారా? మార్చి నెల వస్తే ఆస్తిపన్ను కోసం రాత్రి పదింటిదాకా తలుపులు కొట్టాం. పుష్కరాలకి ఘాట్ల దగ్గరే పడుకున్నాం. ఆడవాళ్లకి ఇంటి గడప తప్ప ఇంకేమీ కనపడదు.

నల్లా_నీళ్లు:
గడప లోపలున్నది నేనే, కనపడకేం చేస్తుంది? కుళాయి రాని రోజు జనం వచ్చి అరిచింది కూడా ఆ గడప దగ్గరే. మీ అబ్బాయికి జ్వరమొస్తే మాత్ర వేసిందెవరు సార్?

కొత్తసభ్యుడు_7:
పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

పాత_ఫైలు:
ఇందులో నవ్వులాటకేమీ లేదు. గోదారిగట్టు గారూ, సూటిగా అడుగుతున్నా. తండ్రి పోయిన ఐదో రోజున పదిమందిలో ఆయన లెక్కలు తీస్తున్నారు. మీ చెల్లెలు ఆ మాట ఊరికే రాసిందా? రిటైరయ్యాక ఆయన్ని చూసిందెవరు? మీరా, ఆవిడా?

గోదారిగట్టు:
మీకెందుకండీ?

పాత_ఫైలు:
జవాబు తెలిసింది.

గోదారిగట్టు (గంట తర్వాత):
సరే. 2011లో అమ్మకి పక్షవాతం. ఆరేళ్లు మంచంలోనే. నేను పుణెలో. ఏడాదికి రెండుసార్లు, అదీ నాలుగేసి రోజులు వచ్చేవాణ్ని. చెల్లి వీధి చివరే ఉంటుంది. ఒకసారి నేనొచ్చేసరికి నాన్న అమ్మ వెనక కూర్చుని జడ అల్లుతున్నారు. మూడు పాయలు తీసి, ఫైలుకి ట్యాగు కట్టినట్టు చివర్న గట్టిగా రెండు ముళ్లేశారు. అమ్మ ఏదో అంది, నాకర్థం కాలేదు. ఆయనకర్థమై, విప్పి మళ్లీ అల్లారు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. చెల్లి చూసిన నాన్న ఆయన. నాకు తెలిసినాయన టైఫాయిడ్ అప్పటి నాన్న. ఇద్దరికీ ఒకే కార్డు వేయాల్సొచ్చింది.

నల్లా_నీళ్లు:
ఇది మొదటే చెప్పుంటే నేనంత మాట అనకపోదును. అయినా ఆ ఆరేళ్లతో ఈ ముప్పై రెండేళ్లు చెల్లిపోయాయని ఒప్పుకోను.

గోదారిగట్టు:
నేనూ ఒప్పుకోను. చెల్లి ఒప్పుకుంది. గొడవంతా అదే.

సూరత్_మగ్గం:
మీ అమ్మగారు ఒప్పుకున్నారా?

గోదారిగట్టు:
అడగలేదు. అప్పటికి ఆమె మాట ఆయనకొక్కడికే తెలిసేది.

పాత_ఫైలు:
నేను కాస్త ఎక్కువే మాట్లాడాను. మా అబ్బాయి నాతో మాట్లాడి మూడేళ్లయింది. రేపు నా కార్డూ వాడే రాయాలి కదా, ఆ టెన్షన్‌లో నోరు జారాను. ఏమీ అనుకోవద్దు.

నల్లా_నీళ్లు:
కార్డుదాకా ఎందుకు, ఇవాళే ఫోన్ చేయండి.

పాత_ఫైలు:
నంబరు మార్చాడమ్మా.

గోదారిగట్టు (మర్నాడు పొద్దున):
ప్రెస్సుకిచ్చేశాం. రెండో సగం చెల్లి రాసినట్టే ఉంచాం, నేనే వద్దనలేకపోయాను.

పాత_ఫైలు:
"నగర" తీసేశారా?

గోదారిగట్టు:
తీసేశాం. "పురపాలక" అని వేయించాం.