‘హై నూన్’: ఊరివాళ్లు పిరికివాళ్లా, విల్ కేన్‌ది మొండితనమా?

బాల్కనీ టికెట్:
1952 నాటి ‘హై నూన్’ మళ్లీ చూశా. చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తా. హ్యాడ్లీవిల్ అనే చిన్న ఊరు. ఊరి శాంతిభద్రతలు చూసే మార్షల్ విల్ కేన్ (గ్యారీ కూపర్) ఆ పూటే పెళ్లి చేసుకుని, బ్యాడ్జీ తీసేసి, భార్యతో ఊరు వదిలి వెళ్లబోతుంటాడు. ఇంతలో, తాను జైలుకి పంపిన రౌడీ ఫ్రాంక్ మిల్లర్ విడుదలై, పగతో మధ్యాహ్నం పన్నెండింటి రైలుకి దిగుతున్నాడని కబురు. స్టేషన్లో అతని మనుషులు ముగ్గురు కాచుకుని ఉంటారు. కేన్‌కి తోడు రమ్మంటే ఊళ్లో అందరూ తప్పుకుంటారు.

అందరూ ఊరినే తిడతారు. నేను తిట్టను. ఊరి పెద్దలు అతన్ని వెళ్లిపొమ్మనే చెప్పారు, గుర్రబ్బండెక్కించి పంపారు కూడా. గుర్రాల్ని వెనక్కి తిప్పింది అతనే. చర్చిలో ఒకాయన ‘ఇది వాళ్లిద్దరి సొంత గొడవ’ అంటాడు. ఇంకొకాయన ‘రక్షణ కోసమేగా పన్నులు కడుతున్నాం’ అంటాడు. పెళ్లాం పిల్లలున్న ఎవరైనా అనే మాటలే ఇవి. తుపాకీ తన పని కానివాడు ఎందుకు చావాలి?

పెద్దగట్టు పోరడు:
అన్నా, చర్చి ముచ్చట సరే. మరి కేన్ దోస్తు సామ్ ఫుల్లర్ సంగతేంది? కేన్ ఇంటికొస్తుంటే కిటికీలకెల్లి చూసి, ‘ఇంట్ల లేనని చెప్పు’ అని పెండ్లాన్ని ముందటికి తోలిండు. ఆమె ‘చర్చికి పోయిండు’ అంటది. ‘నిన్ను ఇడిసిపెట్టా?’ అని కేన్ అడిగితే ఆమె మొఖం చూడున్రి, సిగ్గుతోని సచ్చిపోతది. లోపలికొచ్చినంక సామ్ ఆమెనే గద్దిస్తడు, ‘నువ్వు విధవ కావాల్నా?’ అని. గిది కూడ న్యాయమేనా?

ఇగ ఆఖరికి తోడుంట అన్నదెవరు? ఒంటికన్ను తాగుబోతు జిమ్మీ, పద్నాలుగేండ్ల పిల్లగాడు. ఇద్దర్నీ కేనే వద్దని పంపిండు.

రీలు పెట్టె:
బాల్కనీ గారూ, బండి ఎందుకు తిప్పాడో కేనే చెప్తాడు కదండీ. మైదానంలో ఒంటరిగా దొరికితే నలుగురూ కలిసి చంపేస్తారు, ఎక్కడికి పోయినా వెంటాడతారు. అందులో మొండితనం కంటే లెక్కే ఎక్కువుంది.

ఇక మామూలు జనం సంగతి పక్కన పెట్టండి. మిల్లర్‌కి శిక్ష వేసిన జడ్జి గారేం చేశాడు? గోడ మీది జెండా దించి మడతపెట్టాడు, న్యాయం తక్కెడ మూటగట్టాడు, పుస్తకాలు సంచిలో వేసుకుని గుర్రమెక్కాడు. మేయర్ హెండర్సన్ ఇంకా ఘనుడు. చర్చిలో లేచి కేన్‌ని పొగడ్డం మొదలుపెడతాడు. కేన్ ముఖంలోకి కాస్త వెలుగొస్తుంది, హమ్మయ్య అని మనమూ అనుకుంటాం. అప్పుడు మెల్లగా తిప్పుతాడు: ఉత్తరాది నుంచి పెట్టుబడులు రాబోతున్నాయి, వీధిలో కాల్పులంటే వాళ్లు బెదిరిపోతారు, నువ్వెళ్లిపో నాయనా. ఇంత సభ్యంగా ముంచేసిన మాట నేనింకో సినిమాలో వినలేదు.

ఈస్ట్‌మన్ కలర్:
నేను ‘మోసగాళ్లకు మోసగాడు’ చూసి పెరిగిన బాపతు బ్రదర్. ‘హై నూన్’లో తుపాకులు మోగేది చివర్లోనే. అందాకా హీరో గడపగడపా తిరిగి బతిమాలుకోవడం, మనం గడియారం చూడ్డం. దర్శకుడు హోవార్డ్ హాక్స్‌కీ ఇదే మండింది. పనొచ్చిన షెరీఫ్ ఇలా ఊరంతా తిరిగి అడుక్కోడని, 1959లో జాన్ వేన్‌తో ‘రియో బ్రావో’ తీశాడు. అందులో హీరో వచ్చిన సాయమే వద్దంటాడు. హీరో అంటే అదీ.

రీలు పెట్టె:
‘రియో బ్రావో’ నాకూ ఇష్టమే, హాయిగా ఉంటుంది. కానీ అందులో అడగకపోయినా మనుషులు వస్తారు. రాకపోతే ఏమిటన్నదే ‘హై నూన్’ కథ. పైగా అది 1951లో తయారైన సినిమా. షూటింగ్ జరుగుతుండగానే రచయిత కార్ల్ ఫోర్‌మన్‌ని కమ్యూనిస్టుల్ని వెతికే అమెరికా కాంగ్రెస్ కమిటీ విచారణకి పిలిచింది. ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీలో ఉన్నవాడాయన. తోటివాళ్ల పేర్లు చెప్పనన్నాడు. పని ఇచ్చేవాళ్లు లేక ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. స్నేహితులు ముఖం చాటేయడం ఆయన కళ్లారా చూసి రాసిందే.

కమ్యూనిస్టులంటే పడని జాన్ వేన్‌కి ఈ సినిమా మీద కోపం కూడా అందుకే. 1971లో ఒక ఇంటర్వ్యూలో, కూపర్ బ్యాడ్జీని కాలికింద తొక్కాడని మండిపడ్డాడు. సినిమాలో తొక్కడు, మట్టిలోకి విసిరేస్తాడంతే. తమాషా ఏంటంటే, 1953లో కూపర్ తరఫున ఈ సినిమాకే ఆస్కార్ అందుకున్నది వేనే. ఈ వేషం నాకెందుకు రాలేదో కనుక్కోవాలని స్టేజీ మీద జోకేశాడు కూడా!

బాల్కనీ టికెట్:
రాజకీయం తెలియనివాడికీ సినిమా నిలబడాలి కదండీ. కూపర్ మాత్రం వామపక్షమా? 1947లో అదే కమిటీ ముందు అనుకూల సాక్షిగా కూర్చున్నవాడు. అయినా ఫోర్‌మన్ పక్కన నిలబడ్డాడు, అది వేరే సంగతి. 1989 ఎన్నికలప్పుడు పోలండ్‌లో కమ్యూనిస్టులకి వ్యతిరేకంగా సాలిడారిటీ అనే కార్మిక ఉద్యమం వేసిన పోస్టర్ మీదా ఈ కేనే. ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకున్నారు.

బ్రదర్ ఈస్ట్‌మన్ కలర్, ఈ బ్లాక్ అండ్ వైట్ సినిమాకి రంగులద్దిన కాపీ ఒకటుంది, దయచేసి చూడకండి. అమెరికా అంతర్యుద్ధం నాటి ఫొటోల్లా ఉండాలని కెమెరామన్ ఫ్లాయిడ్ క్రాస్బీ కావాలనే ఆకాశాన్ని తెల్లగా వెలవెలబోయేలా తీశాడు. మబ్బుల అందం ఉండకూడదన్నదే ఆలోచన. అక్కడ నీలం రంగు పూస్తే ఆ ఎండే పోతుంది.

విశాఖ మాధవి:
ఇంతసేపూ మగాళ్ల ధైర్యం గురించే మాట్లాడుతున్నారు. హెలెన్ రామిరెజ్ (కేటీ హురాడో) ఎవరికీ గుర్తు రాలేదా? ఊరి సంగతి అందరికంటే ముందు పసిగట్టింది ఆవిడే. కొట్టు అమ్మేసి పెట్టె సర్దుకుంటూనే, ‘అతను నావాడైతే వదిలిపోను, తుపాకీ పట్టేదాన్ని’ అని కేన్ భార్యతో అంటుంది. ఆ భార్య పేరు ఎమీ. ఆమెది క్వేకర్ మతం, హింస మహాపాపం అంటుంది. తండ్రినీ అన్ననీ కాల్పుల్లో పోగొట్టుకున్న పిల్ల. చివరికి కాల్చింది ఆమే, అదీ వెనకనుంచి. పెళ్లాం కాపాడడమేంటని హాక్స్ నొచ్చుకున్నాడు. నాకైతే సినిమాలో అసలు నష్టపోయింది ఎమీయే. కేన్ తన మాట నిలబెట్టుకున్నాడు, ఆమె తన నమ్మకం వదులుకుంది.

పెద్దగట్టు పోరడు:
మస్తు చెప్పిన్రు అక్కా. బాల్కనీ అన్నా, హోటల్ గుమస్తాకు ఏం జవాబు? మిల్లర్ ఉన్నప్పుడే ఊళ్లె సందడుండె, కేన్‌కు గిట్లనే కావాలె అంటడు. గాయినె కూడ భయపడ్డట్టేనా?

బాల్కనీ టికెట్:
గుమస్తాని నీకే వదిలేశా తమ్ముడూ, వాడిది భయం కాదు, రౌడీలొస్తే బేరాలు పెరుగుతాయన్న ఆశ. మేయర్నీ తీసుకో. సామ్‌ని మాత్రం ఇవ్వను. తలుపు వెనక వణికాడే గానీ, కేన్ చచ్చిపోవాలని కోరుకోలేదు.