అప్‌డేట్: డాష్‌బోర్డు ఉన్నా మేనేజర్లు ఎక్సెల్ వదలట్లేదన్న ప్రశ్న

ముందు అడిగింది ఇదీ: షాపుల చైన్ బిల్లింగ్ డేటా అంతా ఒకచోట చేర్చి డాష్‌బోర్డు (అంకెలన్నీ ఒకే తెరపై చూపేది) పెట్టినా బ్రాంచి మేనేజర్లు చూడట్లేదు, ట్రైనింగ్ పెంచాలా అని. ట్రైనింగ్ సగం జవాబేనని తేలింది.

డాష్‌బోర్డులో ‘సేల్స్’ అంటే జీఎస్టీ కలిపి, రిటర్న్‌లు తీయకుండా. మేనేజర్ల ఎక్సెల్‌లో జీఎస్టీ లేకుండా, రిటర్న్‌లు తీసేసి. రెండు అంకెలు కలవకపోతే ఎవరైనా తన అంకెనే నమ్ముతారు. ఇప్పుడు డాష్‌బోర్డులో ఒకటే లెక్క, అది ఎలా కట్టారో అంకె కిందే రాసి ఉంటుంది.

అసలు తలనొప్పి కస్టమర్ మొబైల్ నంబర్. నంబర్ లేని బిల్లుకు ఇన్సెంటివ్ కట్ అన్నారు. క్యూ పెరిగితే క్యాషియర్ 9999999999 కొట్టేస్తాడు (తప్పు రూలుది, అతనిది కాదు). ఆ నంబర్ బిల్లుల టేబుల్‌లో 300 సార్లు, కస్టమర్ టేబుల్‌లో 300 సార్లు ఉంటే, ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌ను అడిగే భాష) దాని మీద జాయిన్ చేయగానే, అంటే ఆ నంబర్‌తో రెండు టేబుళ్లనూ కలపగానే, ప్రతి బిల్లూ ప్రతి కస్టమర్ వరుసతో జతపడి 90,000 వరుసలు! అమ్మకాలు ఆకాశాన్నంటాయి. ఇప్పుడు బిల్లింగ్‌లో ‘ఇవ్వలేదు’ అన్న బటన్ ఉంది, ఆ ఇన్సెంటివ్ రూలు పోయింది. జాయిన్‌కు ముందూ వెనకా వరుసలు లెక్కపెట్టడం అనలిస్టులకు అలవాటు చేయాల్సి వచ్చింది.

ట్రైనింగ్ 45 నిమిషాలే: సొంత బ్రాంచి డేటా, ఫిల్టర్లు, పివట్ టేబుల్ (డేటాను గుంపులుగా కూడి చూపే పట్టిక).

పాత ఎక్సెల్ రిపోర్టు మాత్రం పై ఆఫీసు ఇంకా మెయిల్‌లో అడుగుతూనే ఉంది. అది ఆగేదాకా కింద బ్రాంచిల్లో రెండు లెక్కలూ నడుస్తాయి.