సిటీ పాప్ కంపైలేషన్: 24/96 కొనాలా, పాత జపాన్ సీడీ చాలా?

వేవ్‌ఫారం: 70ల చివర, 80లలో టోక్యోలో రికార్డయిన సిటీ పాప్ (నగర జీవితపు హంగుతో ఉండే జపాన్ పాప్) పాటల్ని 24 బిట్/96 కిలోహెర్ట్జ్ లాస్‌లెస్‌లో (నాణ్యత పోకుండా దాచిన ఫైలుగా) ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. దండగ అంటాను. సీడీకి (16 బిట్/44.1 కిలోహెర్ట్జ్) సెకనుకు 1,411 కిలోబిట్లు, దీనికి 4,608. ఫైలు మూడింతలు దాటుతుంది, అదనంగా దక్కేది ప్రధానంగా 22 కిలోహెర్ట్జ్ పైనున్న సరుకు. అది మనిషి చెవికి అందదు.

టేపుచుట్ట: లెక్క సరే గానీ, అసలు సంగతి మాస్టరింగ్‌లో, అంటే విడుదలకు ముందు ధ్వనిని తుదిగా సర్దడంలో, ఉందండీ. 2019లో వచ్చిన 'పసిఫిక్ బ్రీజ్' సంకలనమే చూడండి, 1976 నుంచి 86 దాకా పాటలున్నాయి. ఇలా వేర్వేరు ఏళ్ల, వేర్వేరు స్టూడియోల పాటలు పక్కపక్కన పెడితే ఒకటి పీలగా, ఇంకొకటి దిట్టంగా వినిపిస్తుంది. ఈక్యూ (బేస్, ట్రెబుల్ పాళ్లు), లెవెల్ (శబ్ద స్థాయి) సర్దక తప్పదు. ఏ సంకలనంలోనైనా ఆ పనిలో లిమిటర్ (శబ్ద శిఖరాల్ని అణిచేది) ఎక్కువ బిగిస్తే స్లాప్ బేస్ (తీగను బొటనవేలితో కొట్టి వాయించే బేస్ గిటార్) దెబ్బలో మొదటి 'టక్' పోయి 'దబ్' మిగులుతుంది. 24 బిట్లయినా అది తిరిగి రాదు. అందుకే 80ల నాటి సీడీకే నా ఓటు.

రిప్‌రాజు: పాత సీడీ అంటే ప్రీ-ఎంఫసిస్ చూసుకోవాలి గురూ. 80ల జపాన్ సీడీలు చాలావాటిలో ఉంటుంది. 10 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 7.6 డీబీ, 20 దగ్గర 9.5 డీబీ పైకెత్తి రికార్డు చేస్తారు, ప్లేయర్ దాన్ని దించుతుంది. కంప్యూటర్‌లో రిప్ చేస్తే (సీడీని ఫైళ్లుగా కాపీ చేస్తే) దించేవాడుండడు. హై-హ్యాట్ ఇసుక చల్లినట్టు, గొంతులో 'స' ఈలలా వస్తుంది. దాన్ని "పాత సీడీల స్పష్టత" అని మెచ్చుకునేవాళ్లూ ఉన్నారు, పొరపాటు. ఈఏసీ అనే రిప్పింగ్ ప్రోగ్రామ్ ట్రాక్ పట్టికలో ఆ గుర్తు చూపిస్తుంది. కొన్ని డిస్కుల్లో మాత్రం గుర్తు సబ్‌కోడ్‌లోనే (పాటతో పాటు సాగే అదనపు డేటాలోనే) ఉంటుంది, అక్కడ పట్టిక చూసి మోసపోతాం. గుర్తు ఉంటే సాక్స్ అనే ఆడియో టూల్‌లో డీ-ఎంఫసిస్ (ఎత్తినదాన్ని దించే ఫిల్టర్) వేసి, 24 బిట్ ఫ్లాక్ (లాస్‌లెస్ ఫైలు)గా సేవ్ చేయండి. 16కి కుదిస్తే రౌండింగ్ నష్టం.

వేవ్‌ఫారం: ఇది ఒప్పుకుంటాను. నా ప్రశ్నలో ఇంకో ముక్క: ఆ 24/96 నిజమైనదేనా?

టేపుచుట్ట: స్పెక్ లాంటి స్పెక్ట్రోగ్రామ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దముందో బొమ్మగా చూపే) ప్రోగ్రామ్‌లో తెరవండి. అనలాగ్ టేప్ నుంచి నేరుగా వచ్చినదైతే పైకి పోయేకొద్దీ టేప్ హిస్ (టేపు సహజంగా చేసే 'స్‌స్' రొద) మెల్లగా పలచబడుతుంది. 22 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు గీత ఉంటే 44.1 ఫైలును సాగదీశారన్న అనుమానం. అయితే తొందరపడకండి. 80ల మధ్యకొచ్చేసరికి డిజిటల్ రికార్డింగూ వచ్చేసింది. సిటీ పాప్ గాయకుడు తత్సురో యమషితా 1986 ఆల్బమ్ 'పాకెట్ మ్యూజిక్' అలా చేసినదే. అలాంటివాటిలో ఆ గీత అసలు మాస్టర్‌లోనే ఉండొచ్చు. 16 దగ్గరే తెగితే మాత్రం 128 కిలోబిట్ల ఎంపీ3ని ఫ్లాక్ డబ్బాలో పెట్టారేమో చూడాలి.

రిప్‌రాజు: పోల్చేముందు లెవెల్ సమానం చేయండి, తేడా 0.2 డీబీ లోపు. లేకపోతే గట్టిగా మోగేదే "మెరుగు" అనిపిస్తుంది. ఫూబార్ అనే ప్లేయర్‌లో ఏబీఎక్స్ (ఏది ఏదో తెలియకుండా విని గుర్తుపట్టే పరీక్ష) పెట్టి 16 సార్లు వినండి, 12 కరెక్టయితే అదృష్టమని కొట్టిపారేయలేం. రెండు వేర్వేరు మాస్టరింగ్‌లు పెడితే ఎవరైనా పట్టేస్తారు. ఒకే 24/96 ఫైలును 44.1/16కి దించి, డిథర్ (రౌండింగ్ లోపాన్ని కప్పే సన్నటి రొద) వేసి, దాన్నీ అసలునూ పోల్చండి. వేవ్‌ఫారం గారి మాట నిలుస్తుందో లేదో తేలేది అక్కడే.

వేవ్‌ఫారం: అలాగే చేద్దాం. హై-హ్యాట్ ఎడతెగకుండా మోగే 20 సెకన్లు ఎంచుకుందాం, పాట పేరు మీరే చెప్పండి.