కాలనీ పార్కు గేటుకి తాళం వేయాలా? (విజయనగరం)

కోనేటిగట్టు:
మా కాలనీ లేఅవుట్‌లో వదిలిన ఖాళీ జాగాలో ఇన్నాళ్లూ తుప్పలు, పందులే ఉండేవి. ఇంటికింత అని వేసుకుని బాగుచేశాం. కానుగ, పొగడ, నేరేడు మొక్కలు నాటాం. ఇప్పుడు పొద్దున 5 నుంచి 8, సాయంత్రం 5 నుంచి 8 తప్ప మిగతా వేళల్లో తాళం వేయాలని సంఘంలో కొందరంటున్నారు. మీ వైపు ఎలా ఉంది?

రిటైర్డ్ మాస్టారు:
నేనూ ఆ కాలనీవాణ్ణే. తాళం ఉండాల్సిందే. మొక్క నాటడం ఒక పూట పని. మేకల నుంచి కాపాడి, రెండు వేసవులు నీళ్లు పోసి బతికించడం అసలు పని. మేం ఇదివరకు ఉన్న వీధిలో తాళం లేని పార్కు ఏమైందో చూశాను. బల్లలు విరిగాయి, పొద్దున లేస్తే సీసాలు ఏరుకోవడమే.

సైకిల్ సూరి:
ఆ జాగా సంఘానిది కాదు మాస్టారూ. లేఅవుట్ వేసినవాళ్లు 10 శాతం ఖాళీ స్థలం వదిలి మున్సిపాలిటీకి అప్పగించాలని రూలు. అంటే ఊరందరిదీ. బెంగళూరులో పార్కుకని వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే, 1991లో సుప్రీంకోర్టు చెల్లదంది.

రిటైర్డ్ మాస్టారు:
ఇక్కడ ఆసుపత్రి ఎవరు కడుతున్నారు? నేను తాళం గురించి చెబుతున్నాను. ఏప్రిల్‌లో ట్యాంకరుకి డబ్బు ఇచ్చేది మేమే.

గంటస్తంభం:
కోనోకార్పస్ మొక్కలు మాత్రం వేయకండి. పుప్పొడితో ఎలర్జీ, వేళ్లతో పైపులకి చేటు అని గుజరాత్ 2023లోనే నిషేధించింది.

కంటోన్మెంట్ కోడలు:
5 నుంచి 8 దాకా నేను పొయ్యి దగ్గరే ఉంటాను. పొద్దునా అంతే, సాయంత్రమూ అంతే. మా అత్తగారికి షుగర్, నడవమన్నారు. పదకొండింటికి నాకు తీరిక దొరికితే మా వీధి పార్కుకి తాళం. ఇంటికి 300 మీటర్లలో కనీసం అర హెక్టారు పచ్చని జాగా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. దగ్గరుండీ లోపలికి వెళ్లలేకపోతే ఏం లాభం?

రిటైర్డ్ మాస్టారు:
వేళలు మార్చుకుందాం అమ్మా. తాళం వేరే సంగతి.

సైకిల్ సూరి:
వేరే సంగతి కాదు. ఎవరికి అడ్డంగా వేస్తున్నారో చెప్పండి. గెడ్డ అవతలి గుంటలు వచ్చి ఆడుకుంటున్నారనే కదా? అది రాయడానికి మొహమాటం, అందుకే మేకలు, సీసాలు అంటున్నారు.

రిటైర్డ్ మాస్టారు:
నోరు అదుపులో పెట్టుకో బాబూ! గెడ్డ అవతలి వాళ్లని నేనెప్పుడు అన్నాను? నా భార్య వాకింగ్‌కి వెళ్తుంటే బండి మీద వచ్చి పుస్తెలతాడు తెంపుకుపోయారు. మెడ కోసుకుపోయింది. అప్పట్నుంచి ఆవిడ గుమ్మం దాటదు. భయం లేకుండా ఆవిడ నడిచే చోటు ఒక్కటి కావాలి నాకు. అది తప్పా?

కోనేటిగట్టు:
ఇద్దరూ కాస్త నెమ్మది.

సైకిల్ సూరి:
అమ్మగారికి అలా జరిగిందంటే బాధగానే ఉంది మాస్టారూ. కానీ బండి మీద వచ్చినవాడు ఎవడో మీకూ తెలీదు, నాకూ తెలీదు. మా అమ్మ గెడ్డ అవతలే ఉంటుంది. మీ కాలనీలోనే ఇళ్లలో పని చేస్తుంది. మొక్కలకి గోతులు తీసింది మా వాళ్లే, కూలికి. ఇంటికింత వేసుకునేటప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడిగుంటే డబ్బు కాకపోయినా రోజూ నీళ్లు పోసేవాళ్లం. పార్కు కట్టినప్పుడు కావలసిన మనుషులం, ఆడుకోవడానికి పరాయివాళ్లమైపోయాం. నా కోపం అందుకు.

కంటోన్మెంట్ కోడలు:
మాస్టారూ, ఆడవాళ్లకి భయం వేసేది జనం లేని చోట. పిల్లలు ఆడుతూ, నలుగురు కూర్చునే చోట కాదు. దీపాలు వేయించండి, పొదలు నడుం ఎత్తు దాటనివ్వకండి.

కోనేటిగట్టు:
ఆదివారం సంఘం మీటింగ్ ఉంది. సూరీ, మీ వైపు నుంచి ఇద్దరు రండి. నీళ్లు ఎవరు ఏ రోజు పోయాలో అక్కడే రాసుకుందాం.

రిటైర్డ్ మాస్టారు:
రమ్మనండి, వాళ్లకీ కుర్చీలు వేయిస్తాను. రాత్రి తొమ్మిది తర్వాత తాళం మాత్రం నేను వదలను.

సైకిల్ సూరి:
రాత్రి తొమ్మిది అయితే మాట్లాడదాం. తాళంచెవి ఒకటి మా వైపు కూడా ఉండాలి.