మాటల్లేవు, గురువారం మునక: వెళ్లాలా వద్దా?

హైఫా కోడలు: మూడు వారాలుగా మా ఆయనకూ నాకూ మాటల్లేవు. నెలసరి ఆగాక యూదు ఆడవాళ్లం లెక్కపెట్టుకునే ఏడు శుద్ధ దినాలు గురువారంతో అయిపోతాయి. మిక్వేలో (మునక కొలనులో) మునిగాకే మొగుడూ పెళ్లాం మళ్లీ ముట్టుకోవచ్చు కదా, వెళ్తే నేనే దిగొచ్చాననుకుంటాడు. మానేస్తే అత్తగారు పట్టేస్తుంది, నా రోజులు నాకన్నా ఆవిడకే బాగా గుర్తు. ఇలాంటప్పుడు మీరేం చేశారు?

నెతన్యా అక్క: నేను వెళ్లాను. నీళ్లలోనే ఏడ్చేశాను. బలనిత్ (మునక సరిగ్గా అయిందో చూసే ఆవిడ) "కషేర్" (సరైంది) అని మూడుసార్లూ పలికి, తువ్వాలు మొహానికి అడ్డంగా ఎత్తి పట్టుకుంది, చూడనట్టు. ఇంటికొచ్చి తడిజుట్టుతో పిల్లల గదిలో పడుకున్నాను. మునిగినంత మాత్రాన ఆ రాత్రే పక్క ఎక్కాలని లేదమ్మా.

బ్రూక్లిన్2: గోళ్లు చూసుకో! జెల్ పెట్టుకుని వెళ్తే నన్ను గుమ్మం నుంచే పంపేశారు.

ఆష్‌డోద్: జెల్ ఊడకుండా, పెచ్చులు లేకుండా ఉంటే పర్లేదన్నారు మా రబ్బీ (మత గురువు).

బ్రూక్లిన్2: మీ రబ్బీ మీకు. నీళ్లు ఒంటికి తగలనివ్వని అడ్డు అడ్డే.

ఆష్‌డోద్: పన్నెండేళ్లుగా పెళ్లికూతుళ్లకి పాఠాలు చెబుతున్నాను, నాకు హత్సిత్సా (ఆ అడ్డు సంగతి) నేర్పకండి. ఒంట్లో ఎక్కువ భాగం కప్పేసి, మనకే చిరాకనిపించేదే తోరా (మూల ధర్మగ్రంథం) ప్రకారం అడ్డు. మిగతాది రబ్బీల జాగ్రత్త.

బ్రూక్లిన్2: ఆ జాగ్రత్తే కదా నన్ను వెనక్కి పంపింది!

మాజీ భార్య: గోళ్లు ఆపండి తల్లీ, ఆ పిల్ల కాపురం గురించి అడుగుతోంది. నేను పంతంకొద్దీ రెండు నెలలు మునగలేదు. రబ్బీల కోర్టులో ఆయన లాయర్ నన్ను "మొరెదెత్" అన్నాడు. తిరగబడ్డ పెళ్లామని, కతుబా (పెళ్లి ఒప్పందం) సొమ్ముకే ఎసరు.

నెతన్యా అక్క: దాన్ని భయపెట్టకు. గొడవలో ఉండగా, మనసులో విడాకులు ఇచ్చేశాక కలవడం తప్పని తల్ముద్ ధర్మగ్రంథంలో, నెదారిమ్ భాగం 20వ పుటలో ఉంది. మొగుడు బలవంతం చేయకూడదని అందులోనే ఎరువిన్ 100లో ఉంది. ఆ పుటలు ఆ లాయర్ చదవలేదు కాబోలు.

గుంటూరు పిల్ల: మా అమ్మమ్మకి నాలుగోరోజు తలంటితే అయిపోయేది. ఇక్కడ ముందు 5, ఆపై శుద్ధ దినాలు 7, మొత్తం 12 రోజులు. గొడవ పడాలంటే ఆ రోజుల్లోనే నయం, ఎలాగూ ముట్టుకోం.

ఆష్‌డోద్: 12 అందరికీ కాదు. సెఫార్దీల్లో (స్పెయిన్ మూలాల యూదుల్లో) కొందరికి ముందు 5 బదులు 4.

మాజీ భార్య: మళ్లీ లెక్కలా!

హైఫా కోడలు: వెళ్లొచ్చాను. ఇజ్రాయెల్‌లో 2016 నుంచి బలనిత్ వద్దనొచ్చుగా, ఒక్కదాన్నే దిగాను. ఇంటికొచ్చేసరికి మేలుకునే ఉన్నాడు. టీ పెట్టి, చేతికివ్వకుండా టేబుల్ మీద పెట్టాడు. నిద్దా (ముట్టుకోకూడని) రోజుల అలవాటో, కోపమో తెలీలేదు. తాగాను.

బ్రూక్లిన్2: జెల్ తీయించుకునే వెళ్లావా?