ఇంట్లో వాడే ఆక్సిజన్ కాన్సంట్రేటర్ అద్దెకు ఆరోగ్య బీమా వర్తిస్తుందా?

నమస్కారం. ఖమ్మంలో ఉండే మా నాన్నగారు (71 ఏళ్లు) సీఓపీడీతో (ఊపిరి అందకుండా చేసే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి గత నెల ఇంటికి వచ్చారు. రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ పెట్టాలని, రాత్రిళ్లు బైపాప్ (మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి శ్వాసకు తోడ్పడే యంత్రం) వాడాలని డాక్టరుగారు డిశ్చార్జి పత్రంలోనే రాశారు. కాన్సంట్రేటర్, బైపాప్‌ల అద్దె, మాస్కులు, నెబ్యులైజర్ కిట్, మందుల బిల్లులన్నీ పంపితే, బీమా సంస్థ మందుల డబ్బు మాత్రమే చెల్లించి మిగిలినవి తిరస్కరించింది.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన, చెల్లింపు వర్తించని వస్తువుల జాబితాలో నెబ్యులైజర్ కిట్, ఆసుపత్రి వెలుపల వాడే ఆక్సిజన్ సిలిండర్ ఉన్న మాట నిజమే. అయితే కాన్సంట్రేటర్ సిలిండర్ కాదు కదా. గాలిలోని నైట్రోజన్‌ను తొలగించి ఆక్సిజన్ అందించే యంత్రం అది. పైగా మా పాలసీలో డిశ్చార్జి తర్వాత 60 రోజుల వైద్య ఖర్చులు చెల్లిస్తామని స్పష్టంగా ఉంది. ఇంటి వద్ద చికిత్స నిబంధన కింద అడుగుదామంటే, అందులో ఉబ్బసం, బ్రాంకైటిస్‌లను మినహాయించారు. సీఓపీడీని కూడా వాటితో ఒకే గాటన కడతారేమోనని నా అనుమానం.

మీలో ఎవరికైనా ఈ అద్దె మంజూరైందా? అయితే డాక్టరుగారి చేత ఏమని రాయించారు, రక్తంలో ఆక్సిజన్ పరీక్ష నివేదిక జతచేశారా? సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. 30 రోజుల్లో తేలకపోతే బీమా అంబుడ్స్‌మన్‌ను (బీమా సంస్థలపై ఫిర్యాదులను పరిష్కరించే అధికారి) ఆశ్రయించాలనుకుంటున్నాను. అక్కడ ఇటువంటి వివాదం నడిపినవారు దయచేసి తమ అనుభవం తెలియజేయగలరు.