హెచ్-4 మీద ఉన్న చెల్లి, విడాకులు, కడుపులో బిడ్డ: ముందు ఏ పని జరగాలి?

విజయనగరం అక్క:
మాది విజయనగరం, కోట దగ్గరే ఇల్లు. నా చెల్లి పెళ్లయ్యాక హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల భార్యకిచ్చే వీసా మీద, అమెరికాలోని టెక్సాస్ వెళ్లింది. మరిదిగారికీ దానికీ ఏడాది పైనుంచి మాటల్లేవు, వేర్వేరు ఇళ్లలో ఉంటున్నారు. కొట్టడాలు లాంటివి ఏమీ లేవు, ఇద్దరికీ కుదరలేదు అంతే. ఇప్పుడు ఆయన అక్కడి కోర్టులో విడాకులకు వేశాడు. చెల్లికి ఐదో నెల. బిడ్డ తండ్రి వేరే అబ్బాయి. పలాస వాళ్లు, అక్కడే హెచ్-1బీ మీద ఉద్యోగం. పెళ్లి చేసుకుంటానని మా అమ్మకు తనే ఫోన్ చేసి చెప్పాడు. అతని మీద నాకు నమ్మకం ఉంది.

దయచేసి తప్పెవరిదని ఎవరూ రాయొద్దు. ఆ మాటలన్నీ మా ఇంట్లో అయిపోయాయి.

అమ్మ పట్టు ఒక్కటే: బిడ్డ భూమ్మీద పడేలోపు మెడలో తాళి పడాలి. అది ఇక్కడికి వచ్చేస్తే పైడితల్లమ్మ గుడి దగ్గర నలుగురి మధ్య మూడు ముళ్లు వేయిస్తానంటోంది. మరిదిగారి నాన్నగారు పార్వతీపురం నుంచి రోజూ ఫోన్ చేసి, "సంతకం త్వరగా పెట్టించండమ్మా, విడాకులయ్యాక 60 రోజులు టైం ఇస్తారట కదా" అంటున్నారు. చెల్లేమో, "సంతకం పెట్టిన మర్నాడు నేనిక్కడ ఎవరి భార్యగా ఉన్నట్టక్కా?" అని ఏడుస్తోంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

బొబ్బిలి బాబాయ్:
అమ్మా, నా మాట విని పిల్లను ఇంటికి పిలిపించు. పురుడు మన చేతుల మీద జరిగితే తల్లికీ బిడ్డకీ మంచిది. పాస్‌పోర్టులో వీసా స్టాంపుకి ఇంకా గడువు ఉంటే తర్వాత నెమ్మదిగా వెళ్లొచ్చు కదా. కేసు దాని పాటికి అది నడుస్తుంది.

రాజాం అమ్మాయి, డాలస్:
అక్కా, నేను ఇదే టెక్సాస్‌లో హెచ్-4 మీద ఉండగా విడాకులు తీసుకుని, మళ్లీ పెళ్లి చేసుకున్నదాన్ని. బాబాయ్ గారు ప్రేమతోనే చెప్పారు, కానీ స్టాంపు సంగతిలో ఆ మాట వినొద్దు. ఆ స్టాంపు పాత భర్త భార్యగా ఇచ్చింది. విడాకులు మంజూరయ్యాక దాని మీద మళ్లీ అమెరికాలో దిగితే అబద్ధం చెప్పి ప్రవేశించినట్టు లెక్క. అది పట్టుబడితే జీవితాంతం వెంటాడుతుంది.

ఆ 60 రోజుల మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. హెచ్-1బీ మనిషి ఉద్యోగం పోతే అతనికీ, అతని మీద ఆధారపడ్డవాళ్లకీ 60 రోజుల వరకు వెసులుబాటు ఉంది. 2017 నుంచి ఉన్న రూలు అది. విడాకులకు అది వర్తించదు. జడ్జి డిక్రీ (విడాకుల తీర్పు) మీద సంతకం పెట్టిన రోజుతో హెచ్-4 అయిపోతుంది. అలాగని విడిగా ఉంటున్నందుకో, కేసు వేసినందుకో ఏమీ పోదు. డిక్రీ రానంతవరకు, అతని హెచ్-1బీ సరిగ్గా ఉన్నంతవరకు, చెల్లి ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం) తేదీ దాటనంతవరకు తను సక్రమంగా ఉన్నట్టే. అందుకే ఈ రాత్రే ఐ-94 తీసి తేదీ చూడమనండి. పురుటి ముందే ఆ గడువు అయిపోయేలా ఉంటే పొడిగింపుకి అతని హెచ్-1బీ కాగితాల కాపీలు కావాలి. మాట మంచిగా ఉన్నప్పుడే అడిగి పెట్టుకోవాలి.

ఇంకో సంగతి మీ అమ్మగారికి కాస్త మెల్లగా చెప్పండి. భార్య గర్భంతో ఉంటే టెక్సాస్ జడ్జీలు సాధారణంగా పురుడయ్యే దాకా విడాకులు ఖరారు చేయరు. బిడ్డ తండ్రి ఎవరు, పోషణ ఎవరిది అన్నవి తేల్చకుండా ఫైలు మూయరు. కాబట్టి చెల్లికి గర్భం ఉన్న సంగతి కోర్టులో దాచకూడదు. నా లాయరు ఇది చెప్పినప్పుడు నాకు ముందు గుండె జారిపోయింది, తర్వాత ఊపిరి వచ్చింది. ఎందుకంటే అన్ని నెలలూ హెచ్-4 నిలబడుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ఒక్క టెన్షన్ అయినా ఉండదు.

పురుడయ్యాక డిక్రీకి ముందు చేయాల్సిన పని ఒకటుంది. డిక్రీ వచ్చాక వేరే మనిషిని పెళ్లి చేసుకోవడానికి టెక్సాస్‌లో 30 రోజులు ఆగాలి. తగిన కారణం చూపిస్తే జడ్జి ఆ గడువు తీసేయొచ్చు, అది లాయరు అడగాలి. తీసేయకపోతే ఆ 30 రోజులూ చెల్లి ఎవరి తరఫునా ఉండదు. అందుకే డిక్రీ రాకముందే, హెచ్-4 బతికుండగానే, ఐ-539 ఫారం వేసి ఎఫ్-1 (విద్యార్థి వీసా)కో బీ-2 (సందర్శకుల వీసా)కో మారడానికి దరఖాస్తు పెట్టాలి. ఎఫ్-1కి కాలేజీ ఇచ్చే ఐ-20 అనే ప్రవేశ పత్రం కావాలి. పచ్చి బాలింత చదువెలా చదువుతుందని అడగకండి, అందుకే నేను బీ-2 వేశాను. పెళ్లయ్యాక కొత్త భర్త మీద మళ్లీ హెచ్-4కి అడగడం, లేదా ఇండియా వచ్చి హైదరాబాద్ కాన్సులేట్‌లో కొత్త స్టాంపు వేయించుకోవడం. నేను రెండోదే చేశాను. చంటిబిడ్డతో ప్రయాణం కష్టమే, కానీ మా అమ్మ నా బిడ్డని ఎత్తుకున్నది కూడా ఆ రాకతోనే.

విజయనగరం వకీలు:
అమ్మా, నేను ఇక్కడి కోర్టులో చాలా ఏళ్లుగా కుటుంబ కేసులు చూస్తున్నాను. అక్కడి సంగతి ఆ అమ్మాయి చక్కగా రాసింది, నేను ఇక్కడిది చెప్తాను.

గుడిలో పెళ్లి డిక్రీకి ముందు వద్దే వద్దు. మొదటి వివాహం ఉండగా చేసిన రెండో పెళ్లి హిందూ వివాహ చట్టం ప్రకారం చెల్లదు. పైగా నేరం. ఒకప్పటి ఐపీసీ 494, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 82. చెల్లని పెళ్లి మీద ఏ దేశం వీసా ఇవ్వదు. మీ అమ్మగారు బిడ్డ మర్యాద కోసం అడుగుతున్నారు, ఆ తాపత్రయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ తాళి వల్లే బిడ్డకు చిక్కొస్తుంది.

టెక్సాస్ డిక్రీ ఇక్కడ చెల్లుతుందా అని రేపు ఎవరో ఒకరు అడుగుతారు. 1991లో వై. నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. తిరుపతిలో జరిగిన పెళ్లికి భర్త అమెరికా కోర్టులో విడాకులు తెచ్చుకున్నాడు, అది ఇక్కడ చెల్లలేదు. భార్య తన ఇష్టంతో ఆ కోర్టుకి హాజరై, ఆ విడాకులకు ఒప్పుకుంటే చెల్లుతుందని అదే తీర్పు చెప్పింది. కాబట్టి మీ చెల్లి అక్కడే ఉండి, తన లాయరు ద్వారా హాజరై, సమ్మతి రాతపూర్వకంగా ఇవ్వాలి. కేసు వదిలేసి వచ్చేస్తే ఏకపక్ష డిక్రీ వస్తుంది. అక్కడ విడాకులైనట్టు, ఇక్కడ కానట్టు ఉంటుంది.

మామగారు ఇక్కడ పరస్పర అంగీకారంతో వేద్దామంటే దారి ఉంది. హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద ఏడాది విడిగా ఉండాలి, అది మీకు ఉంది. కేసు వేశాక ఆగాల్సిన ఆరు నెలల గడువుని కోర్టు తగిన కేసుల్లో మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ త్వరగా అయితే మీ చెల్లికి లాభమా? బిడ్డ కడుపులో ఉండగానే అక్కడి స్టేటస్ పోతుంది. నేనైతే ఆ సంతకం ఇప్పుడు పెట్టించను.

విజయనగరం అక్క:
మీ అందరికీ దణ్ణం. చెల్లి ఐ-94కి పురుటి తర్వాత కూడా గడువు ఉంది. మామగారికి నేనే ఫోన్ చేసి, ఇక్కడ కేసు వద్దు, అక్కడి కోర్టుకే చెల్లి హాజరవుతుంది, విడాకులకు అడ్డం చెప్పదు అని చెప్పేశాను. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వకీలు గారి జవాబు చదివి వినిపించాక, "అయితే బిడ్డకి ఇంటిపేరు ఎవరిది?" అని అడిగింది. నాకూ అదే బెంగ. ఆసుపత్రిలో తండ్రి పేరు ఎవరిది రాస్తారు?

రాజాం అమ్మాయి, డాలస్:
అక్కా, ఊరుకుంటే మీ మరిదిగారిదే అవుతుంది. వివాహం ఉండగా గానీ, అది రద్దయ్యాక 301వ రోజు లోపు గానీ పుట్టిన బిడ్డకి భర్తే తండ్రి అని టెక్సాస్ చట్టం అనుకుంటుంది. అలా వదిలేస్తే రేపు బిడ్డ పాస్‌పోర్టుకి కూడా ఆయన సంతకం కోసం తిరగాలి. దీనికి ఒక ఫారం ఉంది. అందులో చెల్లి, అసలు తండ్రి కలిసి పితృత్వం ఒప్పుకుంటూ సంతకం చేస్తారు. అదే ఫారంలో భర్త "ఈ బిడ్డ నాది కాదు" అని సంతకం చేస్తాడు. ముగ్గురివీ ఉంటేనే చెల్లుతుంది. ఆసుపత్రిలో ఇస్తారు, కానీ ముందే లాయరు దగ్గర తెప్పించి పెట్టుకోండి.

విజయనగరం వకీలు:
మన చట్టమూ దాదాపు అంతే. ఇప్పటి సాక్ష్య అధినియమంలో సెక్షన్ 116, పాత సాక్ష్య చట్టంలో 112. వివాహం ఉండగా పుడితే భర్త బిడ్డే అని ఊహ. రద్దయ్యాకైతే, తల్లి మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉన్నప్పుడు, 280 రోజుల లోపు. అందుకే ఆ సంగతి అక్కడి డిక్రీలోనే స్పష్టంగా రాయించండి.

విజయనగరం అక్క:
ఆయన ఆ ఫారం మీద సంతకం పెట్టకపోతే?

రాజాం అమ్మాయి, డాలస్:
అప్పుడు విడాకుల కేసులోనే డీఎన్‌ఏ పరీక్షకి అడగాలి. పుట్టాక బిడ్డకీ, పలాస అబ్బాయికీ పరీక్ష చేయించి, జడ్జి తండ్రి ఎవరో డిక్రీలో రాస్తారు. కాకపోతే ఆ అబ్బాయిని కేసులో పార్టీగా చేర్చాలి. ఆ కాగితం ఇప్పుడే వేయమని చెల్లి లాయరుకి చెప్పండి.